తాళం వేసితిని, గొళ్ళెం మరవలేదు!

పోయిన సంచికలో లిఫీ నది మీది వంతెనల గురించి చెబుతూ, శామ్యూల్ బెకెట్ వంతెన దగ్గర ఆపాను. మిగతాది ఈసారి అని మాటిచ్చాను కూడా. ఆ మాట తప్పుతున్నందుకు ముందుగా క్షమాపణలు. వంతెనలు ఎక్కడికీ పోవు లెండి. నా మోటార్‌సైకిలే పోబోయింది!

2025 దీపావళి సోమవారం వచ్చింది కదా. ఆ గురువారం తెల్లవారుజామున నాలుగుంపావుకి, ఎప్పటిలాగే హెల్మెట్ చంకన పెట్టుకుని మా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగాను. మేముండేది గ్రాండ్ కెనాల్ డాక్ పక్కన. పైన చూస్తే అద్దాల మేడలూ, కాఫీ షాపులూ, నీళ్ళలో మెరిసే దీపాలూ. కింద సెల్లారు మాత్రం ఏ ఊళ్ళోనైనా ఒకటే. చెమ్మ, చీకటి, మూల మీద ఎవరో వదిలేసిన పరుపు. బండి నేను పెట్టిన చోటే ఉంది గానీ, నేను పెట్టినట్టు లేదు. హ్యాండిలు ఒక పక్కకి వాలిపోయి ఉంది. హెడ్‌లైట్ డూమ్ పగిలి వేలాడుతోంది. తాళం చెవి పెట్టే కన్నం ఉండాల్సిన చోట, సుత్తితో కొట్టిన కొబ్బరికాయలా ఒక గుంట. దాని కిందనుంచి నాలుగు వైర్లు బయటికొచ్చి పేగుల్లా వేలాడుతున్నాయి.

ఏం జరిగిందో చూస్తేనే తెలుస్తోంది. లావుపాటి స్క్రూడ్రైవరు కన్నంలోకి దిగగొట్టి మెలితిప్పారు. అది తిరగలేదు. హ్యాండిలు పట్టుకుని కాలితో తన్ని లాక్ విరగ్గొట్టారు. అది విరిగింది. వైర్లు లాగి డైరెక్ట్ చెయ్యబోయారు. బండిని తోసుకుపోదామన్నా ముందు చక్రం కదల్లేదు. ఎందుకంటే డిస్కుకి నేను వేసిన రెండో తాళం అలాగే ఉంది. మన పెద్దవాళ్ళు ‘తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని’ అని నవ్వేవారు. ఆ రాత్రి నా తాళం ఓడిపోయింది, గొళ్ళెం గెలిచింది. హాలోవీన్ ముందు రోజులు కావడంతో రాత్రంతా ఊళ్ళో టపాకాయల మోతే. సెల్లారులో ఎవరు ఏం బాదినా వినేదెవరు?

మీలో కొందరికి ఈపాటికి నవ్వొస్తూ ఉండవచ్చు. డబ్లిన్‌లో, అందులోనూ ఈ వానలో మోటార్‌సైకిలేమిటని. నా ఉద్యోగం బాలీకూలిన్‌లోని ఒక గోడౌన్‌లో. షిఫ్ట్ ఐదింటికి మొదలు. ఆ వేళప్పుడు బస్సులు మారుకుంటూ వెళ్ళడం కన్నా నడిచి వెళ్ళడమే నయమనిపిస్తుంది. కారు కొంటే దాని ఇన్సూరెన్సు కట్టడానికి ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. అందుకే 125 సీసీ బండి. దానికోసం పడ్డ పాట్లు కూడా తక్కువేం కాదు. మన ఇండియా లైసెన్సును ఇక్కడ మార్చి ఇవ్వరు. తెనాలి సందుల్లో, గేదెల మధ్య పదిహేనేళ్ళు బండి నడిపినవాణ్ణి, ఇక్కడ మళ్ళీ ఓనమాలు దిద్దాల్సి వచ్చింది. 2010 డిసెంబరు నుంచి తప్పనిసరి చేసిన 16 గంటల ప్రాథమిక శిక్షణలో, పసుపు జాకెట్టు మీద ఎర్ర ‘ఎల్’ బోర్డు తగిలించుకుని, నా సగం వయసున్న కుర్రాళ్ళతో కలిసి ప్లాస్టిక్ కోన్ల చుట్టూ తిరిగాను. అలా సంపాదించుకున్న బండి ఇది.

ఆ పొద్దున పనికి ఫోన్ చేసి రానని చెప్పాను. తర్వాత గార్డా స్టేషన్‌కి. మాట్లాడిన అమ్మాయి ఓపిగ్గా అన్నీ రాసుకుని, పల్స్ నంబరు ఇచ్చింది. గార్డా వాళ్ళ కంప్యూటర్ వ్యవస్థ పేరు పల్స్. ఇన్సూరెన్సు వాళ్ళు మొట్టమొదట అడిగేది ఆ నంబరే. దొంగతనం జరగలేదు కదా, కేసేముంటుంది అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇక్కడి 1961 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టంలో 113వ సెక్షను ఇలాంటి పనుల కోసమే ఉందట. బహిరంగ స్థలంలో ఆగి ఉన్న వాహనం యంత్రాల జోలికి అనుమతి లేకుండా వెళ్ళడమే నేరం, బండి కదలక్కర్లేదు. చట్టం బాగానే ఉంది. దొంగ దొరకాలి గదా!

అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయింది.

“ఏవండీ, మనల్ని చూసే చేశారంటారా?” అంది.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. 2025 జూలైలో టాలాలో మనవాడొకడి మీద జరిగిన దాడి, ఆ తర్వాత మరికొన్ని, ఆగస్టు ఒకటో తారీఖున జాగ్రత్తగా ఉండమని మన ఎంబసీ ఇచ్చిన సూచన, వాయిదా పడ్డ ఇండియా డే. ఆ వేసవిలో మనందరి ఇళ్ళలోనూ ఇదే మాట. సాయంత్రం ఎనిమిదయితే కిటికీ దగ్గర నిలబడి, ఇంటికి రావాల్సినవాళ్ళ కోసం చూడడం. నేను “కాదు” అని గట్టిగా చెప్పలేకపోయాను. “అవును” అనడానికీ నా దగ్గర ఆధారం లేదు.

“అమ్మేద్దాం. నాలుగింటికి మీరు బయల్దేరాక నాకు నిద్ర పట్టదు,” అంది.

సరే అన్నాను. కానీ తాళం లేని బండిని ఎవరు కొంటారు? అమ్మాలన్నా ముందు బాగు చెయ్యాలి. ఇన్సూరెన్సు వాళ్ళని అడిగితే, మనం ముందుగా భరించాల్సిన మొత్తమే రిపేరు ఖర్చు కన్నా ఎక్కువ తేలింది. పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మెకానిక్‌ని అడిగితే మూడు వారాల దాకా ఖాళీ లేదన్నాడు. కనక నేనే పూనుకున్నాను. ఛాసిస్ నంబరు చెప్పి కొత్త ఇగ్నిషన్ స్విచ్ తెప్పించుకున్నాను. రెండు వారాలు పట్టింది.

ఇక్కడ మా బాబాయి గురించి చెప్పాలి. తెనాలిలో ఆయనకి నలభై ఏళ్ళ పాటు మోటార్‌సైకిల్ మెకానిక్ షెడ్డు ఉండేది. రాజ్‌దూత్‌లూ, యెజ్డీలూ, తర్వాత హీరో హోండాలూ, ఆయన చేతిలో పడని బండి లేదు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. షెడ్డు మూసేశారు. అప్పట్నుంచి బండ్ల మాటెత్తితే “ఎందుకులేరా ఆ గోల” అని టీవీ వైపు తిరిగేవారు. ఫోన్ చేసినా రెండు ముక్కలు మాట్లాడి పిన్నికి ఇచ్చేసేవారు. ఆ శనివారం పొద్దున పదకొండింటికి, అంటే తెనాలిలో సాయంత్రం నాలుగున్నరకి, వీడియో కాల్ చేసి కెమెరాని బండి మీదికి తిప్పాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఎవడ్రా వాడు, పని రాని వెధవ! తియ్యడం కూడా తెలీదు,” అన్నారు. దొంగ మీద కోపం కాదది, పనితనం మీద!

మన పాత బళ్ళయితే దొంగలకి ఇంత శ్రమ ఉండేది కాదట. వాటిలో తాళం ఆపు చెయ్యడమంటే, స్పార్క్ ఇచ్చే సీడీఐ బాక్సు నుంచి వచ్చే ఒక వైరును ఎర్త్‌కి కలపడమే. స్విచ్ కప్లర్ ఊడబెరికితే ఆ ఎర్త్ తెగిపోయి, కిక్ కొడితే బండి స్టార్టయ్యేది. ఇప్పటి బళ్ళకి తాళం గుండా బ్యాటరీ కరెంటు వెళ్ళాలి. పెద్ద బళ్ళలో తాళం చెవిలో చిప్ కూడా ఉంటుంది. దాన్ని గుర్తుపడితే గానీ ఇంజను కంప్యూటర్ ఒప్పుకోదు. అలాంటి బండికి స్విచ్ మారిస్తే చాలదు, కొత్త చెవిని కంప్యూటర్‌కి పరిచయం కూడా చెయ్యాలి. నా చిన్న బండికి ఆ హంగులేవీ లేవు. అదే నా అదృష్టం.

“ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీశావా?” ఇది మొదటి ప్రశ్న. ఊడదీశాను. తర్వాత స్విచ్‌ని పట్టుకున్న రెండు బోల్టులు. వీటికి తలలు ఉండవు. కంపెనీలో బిగించేటప్పుడే తల తెగిపోయేలా చేస్తారు, దొంగలు విప్పకుండా. దొంగలతో పాటు మనమూ విప్పలేం! డ్రిల్ కొనాలేమో అన్నాను. “అక్కర్లేదు. సన్న ఉలి తీసుకో. బోల్టు అంచున పెట్టి, విప్పే వైపుకి చిన్నచిన్నగా కొట్టు. కోపంగా కొట్టకు,” అన్నారు. పావుగంట కొట్టాక మొదటిది కదిలింది. నేను కేక పెట్టాను.

ఆ కేకకి మా కింది అంతస్తు పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటాయి. పుట్టి పెరిగింది రింగ్‌సెండ్‌లో. ఆయన తండ్రి ఇక్కడే రేవు కూలీ. రోజూ పొద్దున్నే మేస్త్రీ ముందు నిలబడితే, పేరు పిలిచినవాడికే ఆ పూట పని. యూనియన్ బొత్తాం కోటుకి ఉన్నవాడికి ముందు పిలుపు. కంటైనర్లు వచ్చి ఆ పనులన్నీ పోయాక, ఇప్పుడు మనం కాఫీ తాగే ఈ మేడలు వచ్చాయి. ఆయన టార్చి పట్టుకుని పక్కనే పీట మీద కూర్చున్నాడు. తన సైకిళ్ళు మూడు ఇదే సెల్లారులో పోయాయని వేళ్ళు మడిచి చెప్పాడు. నా మనసులో ఉన్న ప్రశ్నకి అది పూర్తి జవాబు కాదు. కానీ ఆ రెండు వారాల్లో నాకు దొరికిన మొదటి నిమ్మళం అదే.

కొత్త స్విచ్ బిగించి, తెగిన వైర్లు కలిపాను. మెలితిప్పి టేపు చుట్టబోతే బాబాయి ఊరుకోలేదు. సాల్డరింగ్ చేసి స్లీవు తొడగాల్సిందే. ఇక్కడి చెమ్మకి మెలితిప్పిన జాయింటు చలికాలం కూడా దాటదన్నారు. మా బండిలో ఎర్ర వైరు బ్యాటరీ నుంచి వచ్చేది, నల్లది తాళం తిప్పాక కరెంటు తీసుకెళ్ళేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆఫ్‌లో మౌనం, ఆన్‌లో కూత. సంబరంగా బ్యాటరీ తగిలించి చెవి తిప్పాను. దీపం వెలగలేదు.

మెయిన్ ఫ్యూజు పోయింది. దొంగ వైర్లు లాగినప్పుడు షార్ట్ అయి ఉంటుంది. పక్కనే ఉన్న స్పేర్ ఫ్యూజు వేశాను. దీపాలు వెలిగాయి! పెద్దాయన చప్పట్లు కొట్టాడు. బండిని పక్కకి తిప్పానో లేదో, మళ్ళీ చీకటి. ఆ ఫ్యూజు కూడా పోయింది. కాస్త పెద్ద ఫ్యూజు వేద్దామా అన్నాను.

“నోరుముయ్యి. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజుకి బదులు వైరింగ్ కాలిపోద్ది. సిగరెట్ పెట్టెలో రేకు చుట్టి బళ్ళు తగలబెట్టుకున్నవాళ్ళని ఎంతమందిని చూశానో,” అని కసిరి, ఒక్క క్షణం ఆగి అడిగారు: “హ్యాండిలు ఎటు తిప్పితే పోయిందిరా?”

ఎడమకి.

“అయితే స్టీరింగ్ మెడ దగ్గర, తిప్పితే నలిగే చోట చూడు. వాడు హ్యాండిలు తన్నినప్పుడు అక్కడ వైరు చర్మం లేచి ఉంటుంది. తిరిగినప్పుడల్లా ఛాసిస్‌కి తగుల్తోంది.”

పెద్దాయన టార్చి అక్కడికి దించాడు. నల్ల టేపు కింద, గోరంత మేర, రాగి మెరుస్తోంది. ఎనిమిది వేల కిలోమీటర్ల దూరం నుంచి, పని చెయ్యని చేత్తో, మా బాబాయి దాన్ని పట్టుకున్నారు!

ఆ చోట స్లీవు తొడిగి, వైరు నలగకుండా దారి మార్చి కట్టాను. పక్క వీధి దుకాణం నుంచి అదే సైజు ఫ్యూజు తెచ్చి వేశాను. చెవి తిప్పి బటన్ నొక్కితే ఇంజను అందుకుంది. ఆ చప్పుడు వినపడేలా ఫోను సైలెన్సర్ దగ్గర పెట్టాను.

మా పదో తరగతి సెలవుల్లో రెండు నెలలు ఆయన షెడ్డులో స్పానర్లు అందించాను. స్నేహితులెవరైనా రోడ్డు మీద కనబడితే, గ్రీజు చేతులతో లోపలికి దూరేవాణ్ణి. ఆయన చూడలేదనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఫోను మళ్ళీ ముఖం ముందుకి తెచ్చుకుంటే ఆయన నవ్వుతున్నారు.

“అప్పుడు లోపలికి దూరేవాడివి. ఇప్పుడు నేల మీద కూర్చుని, ఊరి జనం ముందు పని చేస్తున్నావ్. పర్లేదు,” అన్నారు. ఇప్పుడు వారం వారం ఆయనే ఫోన్ చేస్తున్నారు. చైన్‌కి ఆయిల్ వేశావా అని.

బండి అమ్మామా అంటారా? ఆ ఆదివారం మా ఆవిడ హెల్మెట్ అడిగింది. సర్ జాన్ రోజర్‌సన్ క్వే మీదుగా, బెకెట్ వంతెన దాటి, నది అవతలి గట్టు దాకా వెళ్ళొచ్చాం. భయం పూర్తిగా పోయిందని చెప్పను. నాలుగింటికి నేను బయల్దేరాక పనికి చేరానని మెసేజ్ ఇచ్చే దాకా తను ఇప్పటికీ పడుకోదు. కానీ అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

బండి ఉన్న సభ్యులకు నాలుగు మాటలు. తాళాలు రెండు వెయ్యండి, రెండు రకాలవి. ఒకటి నేలకో స్తంభానికో కట్టేదైతే మరీ మంచిది. ఛాసిస్ నంబరు ఇంట్లో రాసి పెట్టుకోండి, కాగితాలు బండిలో ఉంచకండి. ఏదైనా జరిగితే ముట్టుకునే ముందు ఫొటోలు తీసి, గార్డాకి చెప్పి, పల్స్ నంబరు అడగండి. దొంగలు ఎదురుగా ఉంటే మాత్రం బండిని వాళ్ళకే వదిలేసి 112కి ఫోన్ చెయ్యండి. మీకన్నా బండి ఎక్కువ కాదు. అన్నిటికన్నా ముందు, మీ ఊళ్ళో పని తెలిసిన పెద్దవాళ్ళెవరైనా ఊరికే కూర్చుని ఉంటే, ఏదో ఒక మిషతో ఒకసారి సలహా అడగండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. మిగిలిన వంతెనలతో ఉగాది సంచికలో కలుద్దాం. ఈసారి నిజంగానే!