ఇల్లు కూలినా నవ్వు ఆగలేదు



నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒకసారి పాఠశాల వార్షికోత్సవానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఒక హాస్యనాటకం వేయాలని పూనుకున్నారు. ఆటస్థలం చివర ఉన్న పాత రేకుల షెడ్డులో రోజూ సాయంత్రం రిహార్సలు చేసుకునేవారు. పది రోజులు గడిచాయో లేదో, ఒక రాత్రి పెద్ద గాలివాన వచ్చి ఆ షెడ్డు కప్పు ఎగిరిపోయింది. మర్నాడు వాళ్ళంతా ముఖాలు వేలాడేసుకుని నా గదికి వచ్చారు.

"షెడ్డు పోయిందండీ, మేష్టారూ! ఇక మన నాటకం లేనట్టేనా అండీ?" అని అడిగాడు వారిలో పెద్దవాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. వాళ్ళను కూర్చోబెట్టి ఒక కథ చెప్పాను. అది కట్టుకథ కాదు. ఫ్రాన్సు దేశపు ముఖ్య పట్టణమైన పారిస్‌లో నిజంగా జరిగినదే. ఈ నెల ఆ కథనే మీకూ చెబుతాను.

1622లో పారిస్ నగరంలో ఒక వర్తకుడికి కొడుకు పుట్టాడు. రాజుగారి నగరులో పరుపులు, తెరలు, కుర్చీల గుడ్డలు అమర్చే కొలువు ఆ వర్తకుడిది. తండ్రి తరవాత ఆ కొలువు కొడుక్కి రావలసిందే. కాని కుర్రవాడికి నాటకాల మీద మనసు పోయింది. 1643లో అతనూ, మదలేన్ బెజార్ అనే నటీ, ఆమె అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ, మరికొందరు స్నేహితులూ కలిసి, మొత్తం పదిమంది, ఒక కాగితం మీద సంతకాలు చేసి నాటక సమాజం స్థాపించారు. తరవాత ఆ యువకుడు పెట్టుకున్న పేరు మోలియేర్. లోకమంతా అతన్ని ఎరుగును, ఆ పేరుతోనే.

సమాజమైతే ఏర్పడింది గాని, ఆడడానికి చోటేదీ? ఆ రోజుల్లో పారిస్‌లో బంతి ఆటకోసం కట్టిన పొడుగాటి శాలలు చాలా ఉండేవి. నేటి టెన్నిసు ఆటకు ఆ ఆట తాత వంటిది. పైన కప్పు, ప్రక్కన చూసేవారు నిలబడడానికి వసారా, మధ్య పొడుగాటి ఖాళీ. ఒక చివర వేదిక కడితే చాలు, నాటకశాల తయారు! మనవాళ్ళు అలాంటి శాల ఒకటి అద్దెకు తీసుకున్నారు. జనం అంతగా రాలేదు. అప్పులు పెరిగాయి. కరెంటు దీపాలు లేని కాలం గనక నాటకశాలలో వెలుతురంతా కొవ్వొత్తులదే. ఆ కొవ్వొత్తులు అమ్మినవాడికి బాకీ తీర్చలేకపోయినందుకు 1645లో మోలియేర్‌ను జైల్లో పెట్టారు!

విడుదలయాక అతనూ, బెజార్ కుటుంబమూ పారిస్ విడిచిపోయారు. మన సురభి నాటక కుటుంబాలవారు ఊరూరా తిరిగినట్టే, వాళ్ళు సామాన్లు బళ్ళ మీద వేసుకుని పదమూడేళ్ళపాటు దేశమంతా తిరిగారు. ఎక్కడ ఆడితే అదే ఇల్లు.

1658 అక్టోబరు 24న వాళ్ళకు పారిస్‌లో రాజుగారి ఎదుట ఆడే అవకాశం దొరికింది. అప్పటికి పధ్నాలుగో లూయీ రాజుకు ఇరవై ఏళ్ళు. ముందు ఒక విషాద నాటకం ఆడారు. అది అంతంతమాత్రంగా నడిచింది. అప్పుడు మోలియేర్ ముందుకు వచ్చి, తాము పల్లెల్లో ఆడే చిన్న ప్రహసనం ఒకటి ఆడడానికి సెలవిమ్మని వినయంగా అడిగాడు. దానికి రాజు కడుపుబ్బ నవ్వాడు. నవ్వి, తన కోట ప్రక్కనే ఉన్న పెతీ బుర్బోన్ అనే భవనంలోని పెద్ద శాలలో ఆడుకోమన్నాడు.

అయితే ఆ శాలలో అప్పటికే ఒక ఇటాలియను సమాజం ఆడుతున్నది. అందుచేత మోలియేర్ సమాజం వాళ్ళకు 1,500 లీవ్రులు (లీవ్రు అంటే అప్పటి ఫ్రెంచి నాణెపు లెక్క) చెల్లించి, వాళ్ళు వదిలిన వారాల్లో ఆడుకోవలసి వచ్చింది. రాజుగారి తమ్ముడు ఈ సమాజానికి పోషకుడై తలా ఏటా 300 లీవ్రులు ఇస్తానన్నాడు. ఆ డబ్బు ఎన్నడూ చేతికి రాలేదని సమాజపు పద్దుల్లో రాసి ఉన్నది!

ఆ పద్దులు రాసినవాడి సంగతి చెప్పాలి. అతని పేరు లా గ్రాంజ్. 1659లో నటుడుగా చేరాడు. ఏ రోజు ఏ నాటకం ఆడారు, ఎంత వచ్చింది, ఎవరికెంత ముట్టింది అని ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. ఎవరైనా చనిపోతే ఆ తేదీ ప్రక్కన నల్లని డైమను గుర్తు వేసేవాడు. ఈ కథంతా మనకు తెలియడానికి ముఖ్యంగా ఆ పుస్తకమే ఆధారం. ఆ సమాజంలో జీతగాళ్ళవలె కాకుండా నటులు వాటాదారులుగా ఉండేవారు. ఎలాగంటారా? ఇదుగో, ఒక చిన్న లెక్క: ఒక ఆటకు 300 లీవ్రులు వచ్చాయనుకోండి. కొవ్వొత్తులకూ, కాపలావాళ్ళకూ, వాద్యగాళ్ళకూ 60 పోయాయనుకోండి. మిగిలిన 240ని పన్నెండు వాటాలు చేస్తే వాటాకు 20. జనం వస్తే అందరికీ లాభం, రాకపోతే అందరికీ పస్తు.

1660 మే 28న ఈ సమాజం "స్గనరెల్" అనే కొత్త హాస్యనాటకం ఆడింది. మోలియేర్ రాశాడు, స్గనరెల్ వేషం కూడా అతనే వేశాడు. కథ వినండి. సెలీ అనే పిల్లకు లెలీతో పెళ్ళి నిశ్చయమయింది. ఇంతలో తండ్రి మాట మార్చి మరో ధనవంతుడికి ఇస్తానంటాడు. పాపం, సెలీ మూర్ఛపోతుంది. ఆమె చేతిలోని లెలీ చిత్రపటం వీధిలో పడుతుంది. పొరుగున ఉన్న స్గనరెల్ భార్య దాన్ని తీసి, ఎంత బాగుందో అని చూస్తూ ఉంటుంది. ఆమె చేతిలో పరాయివాడి బొమ్మ చూసి స్గనరెల్‌కు అనుమానం! పటం లాక్కుంటాడు. అంతలో ఊరినుంచి వచ్చిన లెలీ తన పటం స్గనరెల్ చేతిలో చూసి, "ఇది ఎక్కడిది?" అంటాడు. "నా భార్య దగ్గిరిది" అంటాడు స్గనరెల్. ఇంకేం? సెలీ ఇతన్ని పెళ్ళాడిందని లెలీ గుండె పగిలిపోతుంది! ఇలా నలుగురూ నాలుగు రకాలుగా పొరపడి ఒకరినొకరు తిట్టుకుంటారు. స్గనరెల్ కవచం తొడుక్కుని పోట్లాటకు వస్తాడు గాని, ఎదటివాడు కనబడగానే కాళ్ళు వణుకుతాయి. చివరకు సెలీ పరిచారిక ఒక్కొక్కరినీ నిలబెట్టి నాలుగు ప్రశ్నలు వేసేసరికి చిక్కు విడిపోతుంది. కళ్ళారా చూసినంత మాత్రాన నిజం తెలిసినట్టు కాదు, అడిగి తెలుసుకోవాలి అన్నది అందులోని నీతి.

ఆ వేసవి అంతా పారిస్ జనం ఈ నాటకానికి విరగబడి నవ్వారు. మోలియేర్ సమాజానికి చివరకు మంచిరోజులు వచ్చాయి.

సరిగ్గా అప్పుడు పిడుగు పడింది.

1660 అక్టోబరు 11, సోమవారం. రాజుగారి భవనాలపై అధికారి అయిన రాతబోన్ అనే ఆయన పెతీ బుర్బోన్ భవనాన్ని కూలగొట్టించడం మొదలుపెట్టాడు. రాజుగారి లూవ్ర్ కోటను పెంచడానికి ఆ స్థలం కావలసి వచ్చింది. సమాజంవారికి ముందుగా ఒక్క మాట చెప్పలేదు! రాజుగారికి మొరపెట్టుకుంటే, కోట పని జరుగుతుండగా నాటకాలవాళ్ళ సంగతి లెక్కలోకి తీసుకోవాలని తాననుకోలేదని రాతబోన్ చెప్పుకున్నాడట.

రాజు కనికరించి, పలే రాయల్ అనే భవనంలో ఉన్న నాటకశాల ఇచ్చాడు. పూర్వం రిషెల్యూ అనే మంత్రి ముచ్చటపడి కట్టించుకున్నది అది. సంతోషంగా వెళ్ళి చూస్తే ఏమున్నది? కప్పు మోసే పెద్ద దూలాలు మూడు కుళ్ళిపోయి, కింద ముట్లు పెట్టి నిలబెట్టి ఉన్నాయి. సగం శాలకు కప్పే లేదు. రాజు ఈ మరమ్మతు చేయించే పని ఎవరికి అప్పగించాడో తెలుసా? ఆ రాతబోన్‌కే!

మోలియేర్ రాజుగారిని మరొక కోరిక కోరాడు: పాత శాలలో ప్రేక్షకులు కూర్చునే గదుల చెక్కలూ, ఇతర సామగ్రీ తీసుకుపోనివ్వండి అని. రాజు సరేనన్నాడు. కాని దృశ్యాలు మార్చే యంత్రాలూ, రంగుల తెరలూ మాత్రం దక్కలేదు. కొత్తగా వచ్చిన విగారానీ అనే ఆస్థాన యంత్రశిల్పి, వాటిని మరో రాజభవనంలో వాడుకుంటానని చెప్పి తీసుకుని, అన్నిటినీ తగలబెట్టాడని లా గ్రాంజ్ రాశాడు. వాటిని తయారుచేసిన టోరెల్లీ అనే పాత శిల్పి పనితనం జాడ కూడా మిగలకూడదని అతని పట్టుదలట! అసూయ ఎంత చెడ్డదో చూడండి.

మరమ్మతుకు మూడు నెలలు పట్టింది. ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆట లేకపోతే వాటా లేదు. వాటా లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పారిస్‌లో అప్పటికి మరి రెండు ఫ్రెంచి నాటక సమాజాలు ఉండేవి. ఇదే సమయమని వాళ్ళు మోలియేర్ నటులకు కబుర్లు పంపారు: "మా దగ్గరికి రండి. మాకు సొంత శాల ఉన్నది. మంచి వాటాలిస్తాం." వెళ్ళితే తప్పనేవారెవరు? నటులు వెళ్ళిపోతే సమాజం అక్కడితో సరి.

ఒక్కరూ వెళ్ళలేదు. మోలియేర్ మంచితనమూ ప్రతిభా తమకు తెలుసుననీ, కష్టమో సుఖమో అతనితోనే పంచుకుంటామనీ చెప్పారు.

మరి ఆ మూడు నెలలూ ఏం చేశారు? ఊరికే కూర్చోలేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆడారు. గొప్పవారి హాలులో కుర్చీలు ప్రక్కకు జరిపితే అదే వేదిక. అక్టోబరు 26న ముఖ్యమంత్రి మజరిన్ జబ్బుగా ఉంటే, ఆయన ఎదుట రెండు హాస్యనాటకాలు ఆడారు. అక్కడ ఒక యువకుడు మజరిన్ కుర్చీ వెనక, కుర్చీవీపు మీద చేతులానించి, నిలబడే నాటకమంతా చూశాడు. ఆయన ఎవరనుకున్నారు? మారుగా వచ్చిన లూయీ రాజే! సమాజానికి 3,000 లీవ్రులు బహుమానం ఇచ్చాడు.

1661 జనవరి 20న పలే రాయల్ శాల తెర లేచింది. ఆ రోజు ఆడిన రెండు నాటకాలలో ఒకటి మన "స్గనరెల్". పాత ఇంట్లో నవ్వించిన నాటకమే కొత్త ఇంట్లోనూ నవ్వించింది. ఆ శాలకు పైన తాళ్ళతో కట్టిన పెద్ద నీలం గుడ్డే కప్పుగా ఉండేది. 1671లో బాగుచేసేదాకా అంతే. ఆ నీలం గుడ్డ కిందనే మోలియేర్ తన గొప్ప నాటకాలు ఎన్నో ఆడాడు. ఆ నాటకాల నవ్వు మన దాకా కూడా వచ్చింది. రాజమండ్రిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన భమిడిపాటి కామేశ్వరరావుగారు మోలియేర్ నాటకాలు కొన్నిటిని తెలుగువారి ఇళ్ళలో జరిగినట్టుగా మార్చి రాశారు.

1673 ఫిబ్రవరి 17న, రోగిష్టి వేషం వేసి ఆడుతూండగానే మోలియేర్‌కు నిజంగా జబ్బు ముదిరి, ఆ రాత్రే మరణించాడు. వెంటనే ఆ శాలను సంగీత నాటకాలకోసం మరొకరికి ఇచ్చేశారు. మళ్ళీ ఇల్లు పోయింది! ఈసారి నలుగురు నటులు వెళ్ళిపోయారు కూడా. అయినా మోలియేర్ భార్యా, లా గ్రాంజూ మిగిలినవారిని కూడగట్టుకుని మరొక శాల సంపాదించారు. 1680లో రాజాజ్ఞతో పారిస్‌లోని ఫ్రెంచి నాటక సమాజాలు ఒకటయాయి. ఆ సమాజం పేరు కొమేదీ ఫ్రాన్సేజ్. ఈనాటికీ అది నాటకాలు ఆడుతూనే ఉన్నది; 1799 నుంచి పలే రాయల్ ప్రక్కనే ఉన్నది. మోలియేర్ చివరి ఆటలో కూర్చున్న కుర్చీని అక్కడ భద్రంగా దాచారు. జనం ఆ సమాజాన్ని "మోలియేర్ ఇల్లు" అంటారు.

చూశారా! బ్రతికినన్నాళ్ళూ సొంత శాల లేనివాడి పేరు మీద ఇల్లు! బంతి శాల పోయింది, పెతీ బుర్బోన్ పోయింది. ఒక్కటే పోలేదు — కష్టకాలంలో "మేం వెళ్ళం" అన్నవారి మాట. ఆ ఇంటికి పునాది అదే.

నా కథ అయిపోయాక ఆ రోజు మా పిల్లలు కాసేపు మాట్లాడలేదు. తరవాత పెద్దవాడు లేచి, "మేష్టారూ, బావి దగ్గిర వేపచెట్టు కింద రిహార్సలు చేసుకోమంటారా అండీ?" అని అడిగాడు. చేసుకోమన్నాను. వార్షికోత్సవం నాడు వాళ్ళ నాటకం చూసి ఊరంతా నవ్వింది. తెర మాత్రం మధ్యలో ఒకసారి ఊడిపడింది. దానికీ నవ్వారనుకోండి!

ఇక మీకొక పని. నలుగురు స్నేహితులు కలిసి, స్గనరెల్ కథలోలాగా ఒక చిన్న వస్తువు — ఒక పెన్నో, గొడుగో — చేతులు మారడం వల్ల వచ్చే పొరపాట్లతో పది నిమిషాల నాటకం అల్లండి. అరుగు మీద ఆడండి. అరుగు లేకపోతే మేడ మీద ఆడండి. చోటు కుదరలేదని మాత్రం మానకండి.