పట్టుసంచిలోని పౌరుషము

ఆడంబరమనగానే చీరలను, నగలను దలచి స్త్రీజాతిని నిందించుట లోకమునకు బరిపాటి. పురుషుడు వివేకియనియు, వస్త్రము వానికి మానసంరక్షణార్థమే యనియు నీతిగ్రంథములు చదివినవారు సయితము చెప్పుచుందురు. అట్టివారికి సోదరీమణులు ఒక్క వస్త్రఖండమును గూర్చి చెప్పవచ్చును. పదునైదవ, పదునాఱవ శతాబ్దములలో ఐరోపాఖండపు రాజులు, ప్రభువులు, సైనికులు దానిని ధరించిరి. ఇంగ్లీషున దానికి ‘కాడ్‌పీస్’ అని పేరు. ‘కాడ్’ అనగా ప్రాచీనాంగ్లమున సంచి. నడుము క్రింద ముందువైపున బురుషుడు కట్టుకొను చిన్నసంచి యది. విషయము కొంత సంకోచకరమేయైనను, చరిత్రమున స్త్రీల కష్టములతో దానికి సంబంధము గలదు గనుక మర్యాద దప్పకుండ ముచ్చటింతము.

మన దేశమున నా స్థానమును గప్పు వస్త్రమునకు కౌపీనమని పేరు. అది సన్న్యాసికి వైరాగ్యచిహ్నము. ఐరోపావారి సంచియు మొదట మానరక్షణకే పుట్టినది. ఆ కాలమున నచటి పురుషుల కాళ్లతొడుగులు నేటి పైజామావలె గలిపి కుట్టినవి కావు. ఒక్కొక్క కాలికి నొక్కొక్క తొడుగు వేసికొని, వాని పైయంచులను అంగీకి త్రాళ్లతో ముడివేసెడివారు. అంగీ పొడవుగా నున్నంతకాలము చిక్కులేకుండెను. పదునైదవ శతాబ్దమున వేషప్రియులైన యువకులు అంగీని నానాటికి గుఱుచచేయగా, రెండు తొడుగుల నడుమనున్న సందు బయటపడెను. ఇంగ్లండున నాల్గవ ఎడ్వర్డు రాజ్యకాలమున, 1463లో, గుహ్యమును బిఱుదులను గప్పనంత పొట్టియంగీని ప్రభువులకంటె దిగువ తరగతివారు తొడుగరాదని శాసనము పుట్టెను. ప్రభువులకు మాత్రమా నియమము లేదు! సిగ్గు కూడ అంతస్తునుబట్టియే కాబోలు.

ఆ సందును మూయుటకు దర్జీలు మూడుమూలల గుడ్డముక్కను గుట్టి ముందువైపున గట్టిరి. కాలక్రమమున నా ముక్క సంచియయ్యెను. సంచిలో దూది, ఉన్ని మొదలగునవి కూరి ఉబ్బించిరి. దానికి బట్టు, మఖమలు, జలతారుపని వచ్చినవి. తుదకు యుద్ధకవచములలో సయితము ఇనుముతో దానిని జేసిరి. మానమును దాచుటకై పుట్టినది మగతనమును జాటుటకై పెరిగెను.

చిత్రకారులును దానిని మఱుగుపఱుపలేదు. ఇటలీలోని ఫ్లారెన్సునగరమున పిట్టీ సౌధములో గ్విడోబాల్డో డెల్లా రోవెరె యను రాజకుమారుని పటము గలదు. బ్రాన్జీనో దానిని 1531–32లో వ్రాసెను. నల్లని కవచము క్రింద ఎఱ్ఱని యా సంచి చూపఱుల దృష్టిని ముందుగా లాగును. స్పెయిన్ దేశమున మాడ్రిడునగరపు ప్రాడో చిత్రశాలలో టిషియన్ 1533లో వ్రాసిన ఐదవ చార్లెస్ చక్రవర్తి పటము గలదు. చక్రవర్తి ప్రక్కన వేటకుక్క నిలిచియున్నది. ఆయన వస్త్రములలో నీ సంచియు స్పష్టముగా గానవచ్చును. నాటివారి కది కత్తివలె, ఉంగరమువలె నధికారచిహ్నము.

ఈ చిహ్నమునకు మిక్కిలి ప్రసిద్ధి తెచ్చినవాడు ఇంగ్లండురాజు ఎనిమిదవ హెన్రీ. 1537లో హాన్స్ హోల్బైన్ అను జర్మను చిత్రకారుడు లండనులోని వైట్‌హాల్ రాజసౌధపు గోడపై నీ రాజును నిలువెత్తున జిత్రించెను. రాజు కాళ్లు ఎడముచేసి, భుజములు విరిచి నిలిచియుండును. అంగీ మడతల నడుమనుండి సంచి ముందుకు బొడుచుకొనివచ్చును. వెనుక ఆయన తల్లిదండ్రులు. ఎదుట మూడవ భార్య జేన్ సీమర్. 1698లో సౌధము కాలిపోయి యా చిత్రము నశించినను, హోల్బైన్ ముందుగా గీసికొన్న రేఖాచిత్రములో సగభాగమును, 1667లో దీసిన యొక ప్రతియు నిలిచియున్నవి.

ఆ దర్పమునకు వెనుక నెంత కథ నడచెనో చూడుడు. హెన్రీ 1509లో క్యాథరిన్‌ను బెండ్లాడెను. ఆమెకు బుట్టిన మగశిశువులు దక్కలేదు. 1516లో బుట్టిన మేరీ యను కూతురు మాత్రము బ్రదికెను. పుత్రుడు కావలెనని రాజు రోముమతాధిపతితో దెగతెంపులు చేసికొని యామెను విడనాడెను. రెండవ భార్య ఆన్ బొలీన్ 1533లో ఎలిజబెత్ అను కూతును గనెను. పిదప మగబిడ్డ దక్కలేదు. 1536లో నామెపై నేరములు మోపి శిరచ్ఛేదము చేయించిరి. జేన్ సీమర్ 1537 అక్టోబరు 12న కుమారుని గని, 24వ తేదీన మరణించెను. పటములో నుబ్బిన సంచి మగవానిది. ప్రాణము వోయిన పురిటిమంచము మాత్రము స్త్రీది.

అంత కోరి కన్న కుమారుడు ఎడ్వర్డు 15 ఏండ్ల ప్రాయముననే, 1553లో, గతించెను. తరువాత మేరీ, ఆమె తరువాత 1558లో ఎలిజబెత్ సింహాసనమెక్కిరి. ఏ కూతురు పుట్టినందుకు దండ్రి నిరాశచెందెనో యా కూతురే 1603 వఱకు, 44 సంవత్సరములు, రాజ్యమేలెను. ఆమె కాలముననే ఉబ్బుచల్లడములు, పొట్టదగ్గఱ బొడుచుకొనివచ్చు అంగీలు ప్రబలి, యీ సంచి వానిక్రింద నడగిపోయెను. ఫ్రాన్సుదేశపు పండితుడు మాంటేన్ తన వ్యాసములలో దానిని బరిహసించెను. 1590 ప్రాంతమునకు దాని వాడుక దాదాపు నశించెను.

కాని దానిపై భ్రమ నశింపలేదు. హెన్రీకై 1540లో జేసిన ఇనుపకవచము లండనుకోటలో గలదు. దాని సంచియు మిక్కిలి పెద్దది. పదునెనిమిదవ శతాబ్దమున బిల్లలులేని స్త్రీలు దాని లోపలి మెత్తగుడ్డకు గుండుసూదులు గ్రుచ్చి సంతానము గోరెడివారని చెప్పుదురు. పుత్రునికై యిందఱు భార్యలను దుఃఖపెట్టిన రాజుయొక్క కవచమునే యా యభాగినులు వేడుకొనిరి! గొడ్రాలను మాట యెంత పదునైనదో యాసూదులే యెఱుగును.

సత్యమును బయటపెట్టినవారిలో నొకతె స్త్రీయే. అమెరికాలో బ్రిన్ మార్ కళాశాలలో బరిశోధన చేసిన నెటీ స్టీవెన్స్ అను విదుషి, పిండిపురుగుల బీజకణములను సూక్ష్మదర్శనితో బరీక్షించి, బిడ్డ ఆడో మగో యనునది తండ్రి బీజమునుబట్టి యేర్పడునని 1905లో బ్రకటించెను. ఎడ్మండ్ విల్సన్ అను శాస్త్రజ్ఞుడును నా యేడే వేఱుగా నట్టి నిర్ణయమునకు వచ్చెను. మానవులలోను నింతే. తల్లి యండమున నెప్పుడును ‘ఎక్స్’ అను క్రోమోజోమే యుండును. తండ్రి బీజములలో గొన్నిట ‘ఎక్స్’, కొన్నిట ‘వై’ యుండును. ‘ఎక్స్’ కలిసిన నాడుబిడ్డ, ‘వై’ కలిసిన మగబిడ్డ. తండ్రియు దానిని గోరి పంపువాడు కాడు గనుక నింద నాతనిపైకి మరల్చుటయు న్యాయము కాదు. తల్లిపై వేయుట కంతకంటె నాధారము లేదు.

పైన పటారము, లోన లొటారమని మన సామెత. దూది కూరిన సంచి వంశమును నిలుపలేదు. నిరపరాధులైన భార్యలను గాపాడనులేదు. సోదరీమణులారా, మీ యింటనో పొరుగింటనో కోడలు ఆడుబిడ్డను గన్నదని పెద్దలు మొగము ముడుచుకొన్నచో, వారి కీ రాజుకథను నెమ్మదిగా వినిపింపుడు. పిండిపురుగులను బరీక్షించిన యా విదుషి మాటయు జెప్పుడు. పిమ్మట బాలెంతరాలికి వేడియన్నము వడ్డించి, బిడ్డకు మంచిపేరు వెదకుడు.