పద్దెనిమిదేళ్ళకు ఒక సంచీ

ఆదోని నుంచి ఒక సోదరి అడిగింది: "నాకు క్రోషా అల్లిక బాగా వచ్చు. టీవీకి తొడుగు, బల్లకు గుడ్డ, గుమ్మానికి తోరణం అన్నీ అల్లేశాను. ఇక మా ఇంట్లో చోటు లేదు. చెయ్యేమో ఊరుకోదు. ఏం చెయ్యమంటారు?"

మీ ఇంట్లో చోటు లేకపోతే పోనివ్వండి. మీ చేతిపని అందవలసినవారు బయట ఉన్నారు. బాలసదనాల్లో పెరిగిన పిల్లలు పద్దెనిమిదో ఏడు నిండగానే ఆ నీడ వదలి రావాలి. మన అమ్మాయి హాస్టలుకు వెళ్తుందంటే వారం ముందునుంచీ ఎంత హడావిడి! పచ్చడి సీసా, దుప్పటి, కొత్త సంచీ. వాకిట్లో నిలబడి "జాగ్రత్తమ్మా" అని పదిసార్లు చెబుతాం. ఆ పిల్లలకు అలా నిలబడేవారెవరు?

చట్టం లేకపోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, ఇలా బయటికి వచ్చినవారికి 21 ఏళ్ళ వరకు చేయూతనివ్వవచ్చునంటుంది. 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనలు నెలకు 4,000 రూపాయల సాయం చెబుతున్నాయి. డబ్బు అద్దెకూ అన్నానికీ కావలసిందే. కాని "నిన్ను తలచుకుని చేశాం" అనే మాట డబ్బు చెప్పలేదు. అమెరికాలో ఆర్ఫన్ ఫౌండేషన్ అనే సంస్థ, పరాయి ఇళ్ళలో పెరిగి కాలేజీకి వచ్చిన పిల్లలకు ఆడవాళ్ళు అల్లిన ఎర్ర మఫ్లర్లు పంపే ఏర్పాటు చేసింది. అక్కడ చలి. మన కర్నూలు ఎండల్లో మఫ్లరెందుకు? సంచీ అల్లండి. ఆ పిల్లలకు ఆస్తి సర్టిఫికెట్లే గదా!

మీది పత్తికి పేరుపడ్డ ఊరు. నూలు దారమే తీసుకోండి. 11 అంగుళాల గొలుసు వేసి, దాని రెండు అంచుల మీదుగా గుండ్రంగా తిరుగుతూ 15 అంగుళాల ఎత్తు వచ్చేదాకా అల్లితే అడుగున అతుకుండదు. క్రోషా బరువుకు సాగుతుంది. కన్నాల్లోంచి కలం జారుతుంది. అందుకని లోపల అస్తరు తప్పనిసరి. దానికి పక్కనే ఎమ్మిగనూరు చేనేత గుడ్డ ఉండనే ఉంది. ముందు ఒకసారి నీళ్ళలో తడిపి ఆరవేస్తే తర్వాత కుంచించుకుపోదు. భుజానికి వేసుకునే పట్టీ లోపల కూడా గుడ్డపట్టీ కుట్టండి.

ఎమ్మిగనూరంటే గుర్తొచ్చింది. 1938లో అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన మాచాని సోమప్పగారు నేతపనివారికి పని చూపించారు గాని జాలి చూపించి ఊరుకోలేదు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మనమూ ఆ మర్యాద నేర్చుకోవాలి. మిగిలిపోయిన దారపు ముక్కలతో అల్లకండి. మీ అమ్మాయికి ఇవ్వడానికి సిగ్గుపడే వస్తువు మరొకరి బిడ్డకూ ఇవ్వకండి. మగపిల్లలకు పువ్వులు మాని ముదురు రంగు వాడండి. దాని మీద "దానం" అన్న ముద్ర వద్దు. ఇచ్చేటప్పుడు ఫోటోలూ వద్దు. బాలల గుర్తింపు బయటపెట్టడం చట్టమే ఒప్పదు. పద్దెనిమిది దాటినవారికీ ఆ మర్యాద చెల్లాలి. కర్నూలులోని జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడిగి, ఈ ఏడు ఎందరు బయటికి వస్తున్నారో తెలుసుకుని, అన్నే అల్లండి. ఒక్కరికి తక్కువైనా ఆ ఒక్కరి మనసు చివుక్కుమంటుంది.

టీవీకి తొడుగు లేకపోయినా బొమ్మ కనిపిస్తుంది, సోదరీ! ఆ సంచీ భుజాన వేసుకుని మొదటిసారి బస్సెక్కే పిల్లకు మాత్రం, వెనక వాకిట్లో ఎవరో నిలబడి ఉన్నట్లే ఉంటుంది.