తాళంచెవి ఎక్కడ పెట్టారు?

గాజువాకలో ఓ ఇల్లు. ఆదివారం ఉదయం. స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్టు చేసొచ్చి అప్పుడే నడుం వాల్చిన ఇంటాయన్ని కొడుకు తట్టి లేపాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న కుర్రాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. చేతిలో రెండు నెలల కిందట కొన్న ల్యాప్‌టాప్. తెరంతా నీలం. మధ్యలో ఓ పెట్టె. అందులో 48 అంకెల రికవరీ కీ కొడితేనే లోపలికి రానిస్తానంటోంది.

"ఏటైందిరా?"

"లినక్స్ వేద్దామని ఓ సెట్టింగ్ మార్చాను నాన్నా. విండోస్ తెరుచుకోట్లేదు."

లినక్స్ అంటే ఏమిటో ఆయనకు తెలీదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఏముందో మాత్రం బాగా తెలుసు. కూతురి పెళ్ళి ఫొటోలు, పీఎఫ్ కాగితాల స్కాన్లు, పోయినేడు కన్నుమూసిన తల్లి మాట్లాడుతుండగా తీసిన వీడియోలు. ఫోన్ నిండిపోతోందని అన్నీ అందులోకి చేర్చేసి, ఫోన్లోంచి తీసేశారు. వీధి చివర షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే, "ఫార్మాట్ కొట్టేద్దామన్నా, గంటలో ఇచ్చేస్తా" అన్నాడు.

ఆ మాటకు ఊ కొట్టి ఉంటే అన్నీ పోయేవి. నిజానికి అప్పటికింకా ఏదీ పోలేదు. ఇంటికి తాళం పడింది, అంతే!

కంప్యూటర్లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం నిన్నా మొన్నా వచ్చిన ముచ్చట కాదు. తెలుగు తెరతో 'స్వేచ్ఛ' 2005లో వచ్చినప్పుడూ, సీడాక్ వారి 'బాస్' 2007లో వచ్చినప్పుడూ విశాఖ హాస్టల్ కుర్రాళ్ళకు ఇలాంటి ప్రయోగాలంటే సరదాయే. అప్పట్లో సీడీ పెట్టి, డిస్కులో కాస్త చోటు చేసి వేసుకుంటే పనైపోయేది. చెడితే మొదట కనిపించే మెనూ చెడేది, దాన్ని మళ్ళీ రాసుకునేవాళ్ళు. ఇప్పటి యంత్రాలకు తాళాలెక్కువ. గొడవంతా కొత్తగా వచ్చే లినక్స్‌తో కాదు, ముందునుంచీ కాపురముంటున్న విండోస్ వేసుకున్న తాళాలతో.

ఉక్కు కర్మాగారం గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను పాసు చూస్తేగానీ లోపలికి వదలడు. ల్యాప్‌టాప్‌లో ఆ పని 'సెక్యూర్ బూట్'ది. పవర్ బటన్ నొక్కగానే, మొదలవబోయే ప్రోగ్రాం మీద నమ్మదగ్గ సంతకం ఉందా లేదా అని చూస్తుంది. ఇక రెండో తాళం డిస్కుది. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కులోని సమాచారం మొత్తం సంకేత భాషలోకి మారిపోయి ఉంటుంది. దీన్నే హోమ్ రకంలో 'డివైజ్ ఎన్‌క్రిప్షన్' అనీ, ప్రో రకంలో 'బిట్‌లాకర్' అనీ అంటారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఇది మరిన్ని యంత్రాల్లో తనంతట తానే అమల్లోకి వస్తోంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవడమే తరువాయి. అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడ్డా ఫొటోలు వాడికి దక్కవు కాబట్టి తాళం మంచిదే. ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా వేయడమే చిక్కు.

ఆ తాళంచెవి టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది. యంత్రం రోజూ లేచే తీరులోనే లేస్తే అది కిమ్మనకుండా చెవి అందిస్తుంది. తీరు మారితే అనుమానపడి బిగదీసుకుంటుంది. గాజువాక కుర్రాడు చేసిందల్లా, 'లినక్స్ వేయాలంటే సెక్యూర్ బూట్ ఆపేయాలి' అని ఎవరో చెబితే ఆపేయడం. జవానును గేటు దగ్గర్నుంచి తప్పించాడు. లోపలున్న ఖజానావాడు తలుపు వేసుకున్నాడు!

మరి మందు? మార్చినదాన్ని తిరిగి మార్చడమే. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్2 గానీ డిలీట్ గానీ (కంపెనీని బట్టి మీట మారుతుంది) నొక్కి, బయోస్ అనే సెట్టింగుల్లోకి వెళ్ళి సెక్యూర్ బూట్‌ను మళ్ళీ ఆన్ చేశాడు. విండోస్ కీ అడగలేదు. మామూలుగా తెరుచుకుంది. తల్లి వంటింట్లోంచి వచ్చి, మనవరాలి ఫొటో తెర మీద కనపడ్డాకే మళ్ళీ పొయ్యి దగ్గరికెళ్ళింది.

ఎప్పుడూ ఇంత తేలిగ్గా తేలదు. అలా చేసినా నీలం తెర పోకపోతే ఆ 48 అంకెలూ కావాల్సిందే. మామూలుగా అవి విండోస్‌లో లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటాయి. ఫోన్లోంచి అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్ళి, డివైజెస్ కింద చూస్తే ఆరేసి అంకెల ఎనిమిది గుంపులుగా కనిపిస్తాయి. నీలం తెర మీద ఉండే కీ ఐడీతో సరిపోల్చుకుని కొట్టాలి. అసలు తంటా ఎక్కడంటే... చాలా ఇళ్ళలో ఆ అకౌంట్ ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. కొన్నరోజున హడావుడిలో షాపులో కూర్చున్నవాళ్ళే ఏదో మెయిల్‌తో తెరిచి ఇచ్చేస్తుంటారు. మీ ఇంటి తాళంచెవి వాళ్ళ జేబులో ఉన్నట్టే. కీ పోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా మరొకటి తయారుచేసి ఇవ్వలేరు. కాబట్టి లినక్స్ సంగతి దేవుడెరుగు, ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ ఉంటే ఇవాళే ఆ అంకెల్ని కాగితం మీద రాసి ఎల్ఐసీ బాండ్ల పక్కన పెట్టండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే మాత్రం బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టినట్టు.

ఇక ఆ సెక్యూర్ బూట్ ఆపాలన్న సలహా కూడా పాతబడింది. ఉబుంటు, ఫెడోరా, 2019లో వచ్చిన పదో వెర్షన్ నుంచి డెబియన్... వీటన్నిటికీ పాసులున్నాయి. జవాను ఉండగానే లోపలికి వెళ్తాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న యంత్రాల్లో ఇన్‌స్టాలర్ ఓ పాస్‌వర్డ్ పెట్టమని, రీస్టార్ట్ అయ్యాక దాన్నే 'ఎన్‌రోల్ మోక్' అనే తెరలో అడగొచ్చు. అదీ నీలంగానే ఉంటుంది. కంగారు పడక్కర్లేదు.

ఆ సాయంత్రం కుర్రాడు పని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి తండ్రి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ముందు ఫొటోలు, వీడియోలు బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించారు. తర్వాత విండోస్ సెట్టింగుల్లో డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆపారు. ఎందుకంటే తాళం వేసున్న విండోస్ పక్కన చేరడానికి లినక్స్ ఇన్‌స్టాలర్లు తరచూ ఒప్పుకోవు. తాళం విప్పడం పూర్తయ్యేదాకా ఆగాలి, డిస్కును బట్టి చాలాసేపే పట్టొచ్చు. పనయ్యాక మళ్ళీ వేసుకోవచ్చు, అప్పుడు కొత్త కీ వస్తుంది. బాండ్ల పక్కన పెట్టిన పాత కాగితం చెల్లదు.

చోటు ఖాళీ చేసే పని విండోస్‌కే వదిలేయడం మేలు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ను ష్రింక్ చేస్తే సరి. 512 జీబీ డిస్కులో ఎనభయ్యో వందో ఇస్తే విద్యార్థికి దండి. ఒక్కోసారి బోలెడు ఖాళీ ఉన్నా విండోస్ పదిపదిహేను జీబీకి మించి ఇవ్వనంటుంది. కదల్చలేని ఫైళ్ళు మధ్యలో అడ్డుంటాయి. హైబర్నేషన్, రిస్టోర్ పాయింట్లు కాసేపు ఆపేస్తే దారికొస్తుంది. ఛార్జర్ మాత్రం తీయకూడదు. ఆ మాటకు తండ్రి నవ్వాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల మధ్య పనిచేసినవాడికి, వేడి మీదున్న పనిని మధ్యలో ఆపితే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైన రోజుల్ని చూసినవాళ్ళు కరెంటును అంత తేలిగ్గా నమ్మరు కూడా.

తర్వాతి మజిలీ 'ఫాస్ట్ స్టార్టప్'. ఇది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా పడుకోదు, కునుకు తీస్తుంది. ఆ సమయంలో లినక్స్ వెళ్ళి దాని ఫైళ్ళలో చేయి పెడితే రెంటికీ చెడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఆపేయాలి.

కొందరికి ఇన్‌స్టాలర్‌లో అసలు డిస్కే కనపడదు. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే డిస్కు నిర్వాహకుడు అడ్డుపడటం దీనికి ఓ కారణం. కొత్త లినక్స్ వెర్షన్లు దీంతో చాలావరకు సర్దుకుంటాయి కాబట్టి ముందు తాజా వెర్షన్‌తో ప్రయత్నించాలి. బయోస్‌లోకెళ్ళి టక్కున ఏహెచ్‌సీఐకి మార్చేస్తే విండోస్ మళ్ళీ నీలం తెర వేస్తుంది. ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు మార్చి, ఓసారి లేచాక మామూలు పద్ధతికి తేవాలి. గాజువాక ల్యాప్‌టాప్‌కు ఈ బాధ తగల్లేదు.

దానికి తగిలిన బాధ వేరు. లినక్స్ చక్కగా పూర్తయింది, రీస్టార్ట్ చేస్తే నేరుగా విండోసే వచ్చింది! వేసింది ఏమైనట్టు?

విశాఖ పోర్టుకు వచ్చిన ఓడ సముద్రంలోంచి తిన్నగా బెర్తు దగ్గరికి రాదు. పోర్టు పైలట్ ఎక్కి, డాల్ఫిన్ నోస్ పక్కనున్న ఇరుకు దారిలోంచి లోపలికి తీసుకొస్తాడు. ల్యాప్‌టాప్‌లోనూ అలాంటి పైలట్లే ఉంటారు. విండోస్‌కు ఒకరు, లినక్స్‌కు 'గ్రబ్' అని ఇంకొకరు. ఎవర్ని ముందు పిలవాలో బయోస్‌లోని జాబితా చెబుతుంది. అందులో లినక్స్ పేరును పైకి జరిపితే మెనూ వస్తుంది. ఈ పైలట్లు ఇద్దరూ కూర్చునే గది ఒకటే, ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని చిన్నది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని ఫార్మాట్ చేయొద్దనేది అందుకే.

2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఒకటి చాలామంది లినక్స్ పైలట్లను గేటు దగ్గరే ఆపేసింది. 'ఎస్‌బ్యాట్' పేరుతో ఓ హెచ్చరిక వచ్చి యంత్రం ఆగిపోయేది. 2025 మేలో దాన్ని సరిచేశారు. అంటే ఇన్నేళ్ళయినా ఒకే కప్పు కింద ఇద్దరి కాపురం పూర్తిగా కుదురుకోలేదన్నమాట. సి ప్రోగ్రాములు, చిన్నచిన్న ల్యాబ్ పనుల కోసమే అయితే విండోస్‌లోనే నడిచే డబ్ల్యూఎస్‌ఎల్ చాలు, ఇంత శ్రమ అక్కర్లేదు. కుర్రాడికి ఆ మాట ముందే తెలుసు. "ల్యాబ్‌లో ఉన్నట్టే ఉండాలి నాన్నా" అన్నాడు. సరదా అని చెప్పడానికి మొహమాటం!

వైఫై పనిచేయకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి, టెథరింగ్ ఆన్ చేసి, ఆ నెట్‌తో డ్రైవర్ తెచ్చుకోవచ్చు. పది నిమిషాల పని.

మర్నాడు ఉదయం పది గంటలకు తండ్రి ఫొటోలు ఓసారి చూసుకుందామని విండోస్ తెరిచాడు. మూలనున్న గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఇదీ రెండు సిస్టమ్‌ల ఇంట్లో మామూలే. యంత్రం లోపలి గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ టైముకు పెడుతుంది. విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. కాకినాడ దాపుల్లోంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన మనం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందున్నాం కదా, సరిగ్గా అంత తేడా వస్తుంది. విండోస్‌లో 'సింక్ నౌ' నొక్కితే ఆ పూటకు సరి. లోపలి గడియారాన్ని స్థానిక సమయంలోనే ఉంచమని లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే శాశ్వతంగా సరి.

కొడుకు కాలేజీకి వెళ్ళిపోయాడు. తండ్రి గడియారం వంకా, కిటికీలోంచి పడుతున్న ఎండ వంకా చూశాడు.

"దీని లెక్కన నేనింకా షిఫ్టు దిగనేలేదు" అన్నాడు భార్యతో. తల్లి వీడియో ఉన్న ఫోల్డర్ తెరిచాడు.