తాళం లేదని చెప్పినోడా దొంగ?

జనం సొత్తు దాచిన కొట్టుకు తాళం వెయ్యనోడు దొర. తాళం లేదని కేకేసినోడు దొంగ. ప్రభుత్వ కంప్యూటర్ల కాడ ఈ దేశంలో నడుస్తున్న న్యాయం ఇదే.

2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వేసింది. రాసినవాళ్లు అంబర్ సిన్హా, కొడాలి శ్రీనివాస్. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, దాదాపు 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు బయటికి కనపడేటట్టు ఉన్నాయని వాళ్లు అంచనా కట్టారు. ఒకటి ఉపాధి హామీది. ఇంకోటి ముసలివాళ్ల, వితంతువుల, వికలాంగుల పింఛన్లది. మిగతా రెండూ ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి కూలి చెల్లింపులది, చంద్రన్న బీమాది.

ఆ నంబర్లు ఎవరివి? బంగళాల వాళ్లవి కావు. ఎండలో మట్టి తట్టలు మోసినవాళ్లవి. పింఛను కోసం అరిగిపోయిన వేలితో ముద్రలు వేసిన ముసలమ్మలవి. మనవి.

మరి ఆధార్ సంస్థ ఏం చేసింది? మన నంబర్లు బయట పడేసిన అధికారులెవరని ముందు నిలదియ్యాల్సింది పోయి, నివేదిక వేసినవాళ్లకు ఉత్తరం పంపింది. హ్యాకింగ్ చెయ్యకుండా ఈ సమాచారం దొరకదు, చేసిందెవరో పేర్లు చెప్పండి, చట్ట ప్రకారం ఇది నేరం అని బెదిరించింది. పింఛన్ల వెబ్‌సైటు చిరునామాలో ఒక్క మాట మారిస్తే దాచిన వివరాలు కనపడ్డాయి. ఒక్క మాటకు ఊడేది తాళమా, దారప్పోగా?

2018 జనవరిలోనూ ఇదే కథ. 500 రూపాయలిస్తే ఎవరి ఆధార్ వివరాలైనా చూసే దారి దొరుకుతోందని ట్రిబ్యూన్ పత్రిక బయటపెట్టింది. ఆధార్ సంస్థ ఫిర్యాదుతో పోలీసులు రాసిన ఎఫ్.ఐ.ఆర్.లో ఆ విలేకరి పేరు కూడా ఎక్కింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలతోపాటు కులం, మతం కూడా బయటపడి ఉన్నాయని చూపించింది ఆ శ్రీనివాసే. పేరు, ఊరు, కులం ఒక్కచోట రాసి బజార్లో పెడితే వాడలో బతికేవాళ్లకు ఏం ముప్పో మేం విడమరిచి చెప్పాలా? ఇట్లాంటి మనిషి నోరు మూయిస్తే నష్టపోయేది ఎవరు?

చట్టం ఎవరి పక్షమో కూడా చూడండి. అప్పటి ఆధార్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసే హక్కు ఆ సంస్థ ఒక్కదానికే. నంబరు పోయిన కూలి మనిషి కోర్టు మెట్లెక్కే వీల్లేదు. కంచె చేను మేస్తే కంచెనే ఫిర్యాదు చెయ్యమన్నట్టు! 2018లో సుప్రీంకోర్టు తప్పుపట్టాక 2019లో దాన్ని సవరించారు. అదే సవరణలో ఆధార్ కేంద్ర భాండారంలో అనుమతి లేకుండా చొరబడితే వేసే శిక్షను మూడేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. ఐటీ చట్టం 66వ సెక్షన్ మోసబుద్ధి ఉంటేనే మూడేళ్ల జైలు అంటుంది. నిజమే. ఆ బుద్ధి తేలేదెప్పుడు? కేసు పెట్టి, కంప్యూటరు గుంజుకుని, ఏళ్ల తరబడి తిప్పినాక. ఆ తిప్పటమే శిక్ష.

లోపం బయటపెడితే దొంగలకు దారి చూపినట్టు కాదా అంటారు. దొంగకు మన పత్రిక అక్కర్లేదు, వాడు తలుపులు తట్టి చూసుకుంటూనే ఉంటాడు. తెలియనిది మనకే. ముందు ఆఫీసుకు చెప్పాలి, సరిచేసుకునే గడువివ్వాలి, జనం నంబర్లు కప్పి ఆ తర్వాత ప్రచురించాలి. ఈ పద్ధతి పాటించినవాణ్ణి ముట్టుకోకూడదు. 2022 మేలో అమెరికా న్యాయశాఖే మంచి ఉద్దేశంతో లోపాలు వెతికేవాళ్ల మీద కేసులు నడపొద్దని తన వకీళ్లకు చెప్పింది. ఇక్కడ చట్టంలో ఆ మాట రాయడానికి అడ్డమేంటి?

మేం అడుగుతున్నది నాలుగే.

ఒకటి: మంచి ఉద్దేశంతో లోపం చూపినవాళ్లకు ఐటీ, ఆధార్ చట్టాల్లో మినహాయింపు రాయాలి.
రెండు: చెప్పిన లోపాన్ని గడువులోపల సరిచెయ్యని అధికారి జవాబుదారీ కావాలి.
మూడు: ఎవరి వివరాలు బయటపడ్డాయో వాళ్లకు, వాళ్ల ఊళ్లోనే, వాళ్ల భాషలో చెప్పాలి.
నాలుగు: నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వాలి.

కార్యకర్తలారా, దీన్ని చదువుకున్నోళ్ల గొడవని వదిలెయ్యకండి. మన వేలిముద్ర తీసుకున్నోడు దాన్నెట్లా దాచాడో అడిగే హక్కు మనది. మన తరఫున అడిగినోడి మీద కేసు పెడితే అది మన మీద పెట్టినట్టే. గ్రామసభలో అడగండి, మండలాఫీసులో అడగండి. కేకేసినోణ్ణి ఒంటరిగా వదలొద్దు!