బస్సు రంగు చూసి బడి ఎంచుకుందామా?

మొన్న సెమిస్టర్ సెలవులకి ఇంటికెళ్తే అక్క నాకో పని అప్పజెప్పింది. "ఒరేయ్, ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, చిన్నిని ఒకటో తరగతిలో ఎక్కడ వెయ్యాలో నువ్వే చెప్పు" అంది. చిన్ని నా మేనకోడలు. జూన్ నాటికి ఆరేళ్ళు నిండుతాయి.

ఉన్నవి రెండు దారులు. ఒకటి, ఇంటి నుంచి ఐదు నిమిషాల నడకలో ఉన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. రెండోది, 16 కిలోమీటర్ల అవతల టౌన్లో ఉన్న ప్రైవేటు స్కూలు. దాని పసుపు బస్సు పొద్దున్న ఏడింటికే మా వీధి చివర హారన్ కొడుతుంది.

నేను చదివింది అలాంటి బస్సు స్కూల్లోనే. ఒకటో తరగతి అంటే నాకు గుర్తొచ్చేది బస్సు కిటికీకి తల ఆనించి పడుకున్న నిద్రే. సాయంత్రం దిగేసరికి వీధిలో ఆటలు అయిపోయేవి. మా వీధి పిల్లలతో నాకు స్నేహం కుదిరింది పదో తరగతి అయ్యాకే.

అందుకే "ఊరి బడే" అని టక్కున అనేశాను. అక్క ఒప్పుకోలేదు. "ఐదు తరగతులకీ టీచరమ్మ ఒక్కరేరా. ఆవిడ మీటింగుకెళ్తే పిల్లల సంగతేంటి?" అంది. నాకు జవాబు దొరకలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి. మా బడిలో పిల్లలు 27 మంది, టీచరు ఒక్కరు. అక్క భయం ఉత్తది కాదు.

సరే, రెండు బళ్ళూ చూసొద్దామని బయల్దేరాం. టౌన్ స్కూల్లో ఏసీ గదిలో కూర్చోబెట్టి ఫీజు కాగితం, ఒలింపియాడ్ ఫొటోలు చూపించారు. క్లాసులోకి వెళ్తామంటే "పర్మిషన్ లేదండీ" అన్నారు. ఊరి బడిలో టీచరమ్మ "రండి, కూర్చోండి" అన్నారు. రెండో తరగతి పాప తెలుగు వాచకంలో ఒక పేజీ కూడబలుక్కోకుండా చదివింది. తీసివేత లెక్క మాత్రం తప్పు చేసింది. టీచరమ్మ తిట్టకుండా, ముందు చింతగింజలు పోసి మళ్ళీ చెయ్యమన్నారు. ఈసారి సరిగ్గా వచ్చింది.

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు మనం ఎంత ఆరా తీశాం! ప్లేస్‌మెంట్లు, ఫ్యాకల్టీ, హాస్టల్ భోజనం, సీనియర్ల మాట. ఆరేళ్ళ పిల్లకి బడి వెతికేటప్పుడు మాత్రం బస్సు, టై, బోర్డు మీద 'టెక్నో' అన్న మాట చాలు. నన్నడిగితే చూడాల్సినవి మూడే. పిల్ల నడిచి వెళ్ళగలదా? రెండో తరగతి పిల్లలు చూసి చదవగలుగుతున్నారా? తప్పు చేసిన పిల్లతో టీచరు ఎలా మాట్లాడుతున్నారు? ఈ మూడింట్లో ప్రైవేటు బడి నెగ్గితే అందులోనే వెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు.

మరి రెండో టీచరు సంగతి? అదే చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. టీచరు కావాలని గట్టిగా అడగాల్సింది వాళ్ళే. అడగగలిగే వాళ్ళ పిల్లలంతా ఏడింటి బస్సెక్కేస్తే ఇక అడిగేదెవరు? టీచరు లేరని మనం పిల్లల్ని తీసేస్తాం, పిల్లలు లేరని వాళ్ళు టీచర్లని తీసేస్తారు.

చివరికి అక్క ఒక ఏడాది చూస్తానంది. "రెండో టీచరు రాకపోతే మాత్రం బస్సే" అని షరతు పెట్టింది. న్యాయమైన షరతే. ఎంఈఓ గారికి అర్జీ రాసే పని నాది. ల్యాబ్ రికార్డు పక్కన పెట్టి ముందు అదే రాస్తున్నాను.