ప్లాను గీసిన చేతికి జవాబుదారీ లేదా?

మా వాల్మీకిపురం పల్లెల్లో ఇల్లు కట్టాలంటే మేస్త్రీ మాటే ప్లాను. పట్నంలో అట్లా కాదు, ఆర్కిటెక్టును నమ్మి లక్షలు పోస్తారు. ఆ ఆర్కిటెక్టు వృత్తిధర్మం తప్పితే శిక్ష ఏమిటి?

1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ విచారించి మందలించవచ్చు, కొంతకాలం వృత్తి ఆపించవచ్చు, రిజిస్టరులోంచి పేరే కొట్టేయవచ్చు. బాగానే వుంది. కాని పేరు కొట్టేస్తే చెయ్యి ఆగుతుందా? ఆ చట్టం కాపాడేది 'ఆర్కిటెక్టు' అనే పేరునే గాని పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పేరు దొంగతనంగా తగిలించుకున్నవాడికి ఆ చట్టం రాసిన జరిమానా మొదటిసారికి 500 రూపాయల లోపే! టమోటా తోటకు మా నాయన ఒక్కసారి మందు కొట్టే ఖర్చులో అది ఏ మూలకు?

ఇది ఉత్త కాగితాల గొడవ కాదు. 2014లో చెన్నై దగ్గర మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. పొట్ట చేతబట్టుకుని పోయిన శ్రీకాకుళం, విజయనగరం కూలీలు వారిలో ఎందరో! కట్టడంలో తప్పు ఎవరిదైనా ప్రాణం పోయేది కూలివాడిదే.

విత్తనాల వ్యాపారి మోసం చేస్తే లైసెన్సు రద్దు చేస్తారు, ఆపైన అమ్మితే నేరం. ఇక్కడా అట్లే వుండాలి. పేరు పోయినవాడు ప్లాను గీయరాదు. శిక్ష పడ్డవారి పేర్లు ప్రతి మున్సిపల్ ఆఫీసు గోడమీదా వుండాలి. మిత్రులారా, రేపు ఇళ్లు కట్టుకునేది మనమే, అడగవలసిందీ మనమే!